ఆదివారం పదింటి మేత ఎవరు వేయాలి?

మొగల్తూరు_చెరువుగట్టు
నాలుగు ఎకరాలు కౌలుకు తీసుకుని వనామీ రొయ్య వేశాను. రెండు చెరువులు. నేటికి అరవై రెండో రోజు. మా సంఘంలో ఆరాధన ఆదివారం తొమ్మిదిన్నరకు మొదలై పన్నెండు దాటేదాకా సాగుతుంది. మేత వేళలు ఆరు, పది, రెండు, మళ్ళీ సాయంత్రం ఆరు. పదింటి మేత వేశాక, రొయ్యలు ఎంత తిన్నాయో తెలియడానికి చెక్ ట్రేలు ఎత్తి చూడాలి. అంటే ఆరాధన పోయినట్టే. ఈ పంటలో నేను సంఘంలో కూర్చున్నది రెండే రెండు ఆదివారాలు. అందులో ఒకరోజు నీళ్ళకు గాలి అందించే ఏరియేటరు ఆగిందని ఫోను వస్తే పాట మధ్యలోనే లేచి వచ్చేశాను.

పోయిన వారం మా పాప సండే స్కూల్లో కంఠస్థ వాక్యాలు చెప్పి బహుమతి తెచ్చుకుంది. ఎనిమిదేళ్ళు దానికి. ఇంటికి వచ్చి నాకు చెప్పలేదు. వాళ్ళ అమ్మమ్మకు ఫోను చేసి చెప్పింది. నేను పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. మా ఆవిడ ఒకటే మాట అంది: "ఆదివారం వస్తే మీకు రొయ్యలే దేవుళ్ళు." నాకు కోపం వచ్చింది. ఆ రొయ్యలతోనే కదా దాని ఫీజు కడుతున్నాను అని అరిచాను. ఆ రాత్రి గట్టు మీద నిద్ర పట్టలేదు.

అప్పు ఉంది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ధర ఎలా పడిందో మీకు తెలుసు, ఆ దెబ్బ ఇంకా మానలేదు. పని కాస్త పక్కన పెట్టి దేవుడికీ ఇంటికీ సమయం ఇచ్చినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఇచ్చి నష్టపోయారా? ఉపదేశాలు వద్దు, అవి మా సంఘ పెద్దలు చేస్తూనే ఉన్నారు.

తణుకు_కష్టేఫలి
అప్పు తీరేదాకా దేవుడు ఆగుతాడు. వడ్డీ ఆగదు. ముందు రొయ్యలు పట్టి అమ్ముకోండి, అదే పట్టుబడి చేసుకోండి, తర్వాత నెల రోజులు చర్చిలోనే కూర్చోండి.

పూతరేకు
వడ్డీకి ఆదివారం సెలవు, రెండో శనివారం సెలవు, సంక్రాంతి సెలవు ఏవీ లేవు. అంత నిష్ఠగా పనిచేసేది మా ఆత్రేయపురంలో కూడా ఎవరూ లేరు.

దాళ్వా_రైతు
రొయ్యకే కాదు, వరికీ అంతే. రెండో పంట దాళ్వా కోతల్లో యంత్రం దొరికిన రోజే కోత. నిరుడు ఉగాది నాడు దొరికింది. పచ్చడి తినకుండా చేలోకి వెళ్ళాను. మబ్బు పట్టి ఉంటే మనిషి పంచాంగం వినడు, ఆకాశం వైపు చూస్తాడు.

సోమారామం_సుబ్బడు
నేనూ చెరువులవాడినే, భీమవరం పక్కన. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. చెరువుగట్టు గారికి నా మాట ఒకటే. ఆ పదింటి మేత అంత పవిత్రమైనది ఏమీ కాదు.

అరవై రోజులు దాటిన రొయ్య వారానికి ఒక పూట మేత తగ్గితే చావదు. ఎక్కువ వేసినప్పుడే అసలు ప్రమాదం. తినగా మిగిలింది అడుగున కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది, పైగా మేత డబ్బు నీళ్ళలో పోసినట్టే. మీరు భయపడవలసిన వేళ పగలు పది కాదు, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు. రాత్రంతా నీళ్ళలోని నాచు కూడా ప్రాణవాయువు పీలుస్తుంది కాబట్టి ఆ వేళకు బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి జనరేటరు తగులుకోకపోతే పంట మొత్తం గంటలో తేలిపోతుంది. ఆ వేళ ఏ చర్చీ తెరిచి ఉండదు, ఏ గుడీ తెరిచి ఉండదు. ఎండ కాసే ఆదివారం పది గంటలకు చెరువు మనిషిని అంతగా పట్టి ఉంచదు. మబ్బు రోజు సంగతి వేరు. మనిషే గట్టును వదలడు. నేనూ వదలలేదు, అందుకే చెబుతున్నాను.

అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్యలు పెంకు విడుస్తాయని ఆ రెండు తిథుల్లో నేను చెరువు దగ్గరే ఉంటాను. మా సోమేశ్వరుడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా మారుతుందని ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోతారు. గునుపూడిలోనే కాపురం ఉండి ఆ రెండు రంగులూ నేను సరిగా చూడలేదు.

పూతరేకు
అయితే ఆదివారం రొయ్యలకు ఉపవాస ప్రార్థన పెట్టమంటారు.

సోమారామం_సుబ్బడు
పెట్టండి. మేత ఖర్చు కూడా తగ్గుతుంది.

రాజోలు_షట్టరు
సెల్‌ఫోన్ల దుకాణం నాది. శుక్రవారం పన్నెండున్నరకు షట్టరు దించి మసీదుకు వెళ్ళి రెండింటికి తీస్తాను. మొదట్లో పక్క దుకాణానికి బేరాలు పోయేవి. ఇప్పుడు రెండింటికే వస్తారు. కొందరైతే "నమాజు అయిందా భాయ్" అని ఫోను చేసి మరీ బయలుదేరతారు. మనం వేళ తప్పకపోతే జనానికీ అది అలవాటవుతుంది. కానీ నాది దుకాణం, తాళం వేస్తే ఊరుకుంటుంది. మీది ప్రాణంతో ఉన్న సరుకు. రెండూ ఒకటని నేను అనను.

నిదానమే_ప్రధానం
ఉపదేశం వద్దన్నారు కాబట్టి చరిత్ర చెబుతాను. ఆదివారం సెలవు మనకు ఊరికే రాలేదు. బొంబాయి బట్టల మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి అడిగితే 1890లో యజమానులు దిగి వచ్చారు. వాళ్ళు అడిగింది దేవుడి కోసమూ, ఇంటి కోసమూ, ఒళ్ళు నొప్పుల కోసమూ. దుకాణాల్లో పనిచేసేవారికి వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలని మన రాష్ట్రంలో 1988 చట్టం ఉంది. ఎన్ని దుకాణాల్లో అమలవుతోందో మీరే చూడండి.

ఇంకొకటి. మీ నర్సాపురం వైపు సంఘాలకు మూలమైన విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లో ఇంగ్లండ్ నుంచి బయలుదేరి వచ్చినవాళ్ళు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం మొదలైంది 1847లో. అంటే డెల్టాలో కాలువ నీళ్ళ కన్నా ముందే ఆదివారం ఆరాధన వచ్చింది. చెరువులు మొన్న వచ్చాయి.

తణుకు_కష్టేఫలి
మాస్టారూ, చరిత్ర బాగుంది. ఆ బౌడెన్ గారికి కౌలు లేదు, మేత దుకాణంలో ఖాతా లేదు.

కువైట్_నుంచి_వచ్చేశాను
పదకొండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేశాను. అక్కడ సెలవు శుక్రవారం, కాబట్టి మన తెలుగు ఆరాధన కూడా శుక్రవారమే. మాకు శుక్రవారమే ఆదివారం. అదీ మేడమ్ పంపితేనే. మూడు నెలలకు ఒకసారి పంపేది. వెళ్ళిన రోజు పాట మొదలు కాగానే ఆడవాళ్ళందరం ఏడ్చేవాళ్ళం. పాట కోసం కాదు.

మా పెద్దబాబు బాప్తిస్మం ఫోనులో చూశాను. వంటింట్లో గిన్నెలు తోముతూ, ఫోను చక్కెర డబ్బాకు ఆనించి. సరిగ్గా వాడు నీళ్ళలో మునిగేటప్పుడు సిగ్నలు పోయింది. మళ్ళీ వచ్చేసరికి తల తుడుచుకుంటున్నాడు. ఆ డబ్బుతోనే అంబాజీపేటలో డాబా కట్టాం. డాబా బాగుంది, అబద్ధం చెప్పను. వర్షం వస్తే కురవదు.

తమ్ముడూ, మీ చెరువు నుంచి చర్చి ఎన్ని కిలోమీటర్లు?

మొగల్తూరు_చెరువుగట్టు
మూడున్నర, అక్కా.

రాత్రిషిఫ్టు_హైదరాబాద్
మాది పాలకొల్లు. నాకు చెరువులు లేవు, కంప్యూటరే చెరువు. అమెరికా పగలు నాకు రాత్రి. సంక్రాంతికి ఇంటి నుంచే పనిచేస్తానని ఒప్పించి వచ్చాను. కనుమ నాడు మా బావలందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళుతుంటే నేను పగలు నిద్రపోయాను. సాయంత్రం వాళ్ళు వచ్చి, గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటేటప్పుడు నీళ్ళు ఎంత లోతు ఉన్నాయో చేతులతో చూపించారు. కోనసీమకు వచ్చి ప్రభల తీర్థాన్ని చేతుల లోతులో చూసినవాడిని నేనొక్కడినే.

పూతరేకు
భుజాల దాకా చూపించారా, మెడ దాకానా? మా బావ అయితే ఏటా ఒక అడుగు పెంచుతాడు.

పాస్టరుగారమ్మాయి
ఇప్పటిదాకా అందరూ భక్తినీ కుటుంబాన్నీ ఒకే మూటగా కట్టి, పనికి పోటీగా నిలబెడుతున్నారు. మా ఇంట్లో ఆ మూట ఏనాడో విడిపోయింది.

మా నాన్నగారు లంక గ్రామాల్లో సేవ చేసేవారు. ఆదివారం మూడు ఊళ్ళు. పొద్దున్నే రేవుకు వెళ్ళి పంటు ఎక్కితే రాత్రికి వచ్చేవారు. శనివారం ఎవరింట్లోనో ప్రార్థన, బుధవారం ఉపవాస కూడిక, మధ్యలో ఎవరు చనిపోయినా, ఎవరు కొట్టుకున్నా నాన్నగారే. నాకు పదో తరగతిలో టైఫాయిడ్ వచ్చింది. పక్క ఊరి పిల్లకు జ్వరమని ప్రార్థన చేయడానికి వెళ్ళారు. ఆ పిల్ల తల్లి ఇప్పటికీ కనిపిస్తే "మీ నాన్నగారు రాత్రంతా మా ఇంట్లోనే ఉన్నారమ్మా" అని చేతులు పట్టుకుంటుంది. ఏం చెప్పాలో తెలియక నవ్వుతాను.

ఆయన మీద కోపం లేదు అని రాయబోయి చెరిపేశాను. ఉంది, కొంచెం. తన ఇంటివారిని చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని పౌలు రాసిన మాట మీద ఆయనే ఒకసారి ప్రసంగించారు. అమ్మ ముందు వరుసలో కూర్చుని తల వంచుకుంది.

చెరువుగట్టు గారూ, పాపకు మీరు చర్చిలో కనిపించాలా, పాప బహుమతి తెచ్చినప్పుడు అడగాలా? రెండూ ఒకటి కాదు. ముందు అది అడిగి చూడండి.

గుళ్ళోగంట
పాస్టరుగారమ్మాయి రాసింది చదివి, మతం మార్చి నా కథే రాశారేమో అనుకున్నాను. మా నాన్నగారు శివాలయంలో అర్చకులు. కార్తీక సోమవారం తెల్లవారుజామున మూడింటికి వెళితే మధ్యాహ్నం రెండు. పండగ అంటే అందరికీ నాన్న ఇంట్లో ఉండే రోజు, మాకు లేని రోజు. ఊరు ఊరంతా పెళ్ళాం పిల్లలతో వచ్చి అభిషేకం చేయించుకుంటారు, గోత్రనామాలు చదివిస్తారు. చదివే ఆయన పెళ్ళాం పిల్లలు ఇంట్లో ఉంటారు. మా గోత్రం ఆయన గుళ్ళో ఎప్పుడైనా చదివారో లేదో నాకు తెలియదు.

నేను అర్చకత్వం తీసుకోలేదు. బ్యాంకులో చేరాను. ఆదివారం ఇంట్లోనే ఉంటాను. ఉండి ఫోను చూస్తాను, మా అబ్బాయి కూడా ఫోను చూస్తాడు.

తణుకు_కష్టేఫలి
అందరికీ నేను డబ్బు పిశాచిలా కనిపిస్తున్నట్టున్నాను. నా వైపు కూడా వినండి. మా నాన్న భజన మండలిలో ఉండేవాడు. అంతర్వేది తీర్థం, కోటిపల్లి శివరాత్రి, భద్రాచలం కల్యాణం, ఏదీ వదలలేదు. గొంతు అద్భుతం, ఊళ్ళో అందరికీ ఇష్టుడు. రెండెకరాలు అలాగే పోయాయి. మా అమ్మ కుట్టుమిషను మీద నన్ను చదివించింది. ఆవిడ ఏనాడూ ఒక తీర్థానికి వెళ్ళలేదు. అందుకే "పని తర్వాత, భక్తి ముందు" అని ఎవరైనా అంటే, ఆ ఇంట్లో పని ఎవరు చేస్తున్నారు అని అడుగుతాను. ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.

పాస్టరుగారమ్మాయి
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే మీతో పోట్లాడేదాన్ని కాదు.

తణుకు_కష్టేఫలి
మీరు ఇంకా పోట్లాడలేదు.

పాస్టరుగారమ్మాయి
మనసులో పోట్లాడాను.

కాపలాగుడిసె
నేను ఏడో తరగతి దాకానే చదివాను, తప్పులుంటే క్షమించండి. రోజూ ఇక్కడ చదువుతాను, రాయడం ఇదే మొదలు. తణుకు సారు అడిగిన ప్రశ్నకు జవాబు నేనే.

మాది శ్రీకాకుళం జిల్లా. ఐదేళ్ళుగా చెరువుల మీద కాపలా. ఓనరు గారు గుడికి వెళ్ళినా, చర్చికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా గట్టు మీద ఉండేది మేమే. తెల్లవారుజామున మూడింటికి జనరేటరు వేసేది మేమే. పైన అందరూ రాసినవి బాగున్నాయి. కానీ ఆదివారం పదింటి మేత ఎవరు వేయాలి అని అడిగి, ఎవరూ మా పేరు చెప్పలేదు. చెప్పనవసరం లేదు అనుకున్నారేమో.

మా ఊరి అమ్మవారి సంబరానికి ఐదేళ్ళలో ఒక్కసారే వెళ్ళాను. చెరువుకు వైట్ స్పాట్ తెగులు వచ్చి ఖాళీ చేసిన ఏడాది. ఓనరు గారు గట్టు మీద కూర్చుని ఏడుస్తున్నారు. నేను ఓదారుస్తూనే లోపల బస్సు వేళలు చూసుకుంటున్నాను. సంబరంలో మా అమ్మాయిని భుజం మీద ఎక్కించుకున్నాను. ఆ సంతోషం నిజం. ఆ పాపం కూడా నిజం.

దాళ్వా_రైతు
నువ్వు పాపం చేయలేదు తమ్ముడూ.

పూతరేకు
నాకు రాయడానికి ఏమీ తోచడం లేదు.

నిదానమే_ప్రధానం
లోఖండే గురించి పెద్ద మాటలు చెప్పాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు ఆదివారం సెలవు లేదు. ఆదివారం చుట్టాలు వస్తారని ఆ రోజు ఇంకో గంట ఎక్కువ ఉండమంటాం.

రాజోలు_షట్టరు
నా దుకాణంలో కుర్రాడు హిందువు. శుక్రవారం నేను మసీదులో ఉన్నంతసేపు మూసిన షట్టరు ముందు మెట్టు మీద కూర్చుంటాడు. శనివారం వాడపల్లి వెంకన్నకు ఏడు వారాల మొక్కు ఉందని పోయిన నెల సెలవు అడిగాడు. శనివారం బేరాల రోజు, ఆదివారం వెళ్ళమన్నాను. ఏడు శనివారాల వెంకన్న దగ్గరకు ఆదివారం వెళ్ళమన్నాను నేను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

సోమారామం_సుబ్బడు
చెరువుగట్టు గారు ఎక్కడ? నాలుగు రోజులైంది. ఏరియేటరు మళ్ళీ ఆగిందా?

మొగల్తూరు_చెరువుగట్టు
ఇక్కడే ఉన్నాను. కాపలాగుడిసె రాసింది చదివిన రాత్రి నా చెరువు మీద ఉండే అతని దగ్గరకు వెళ్ళి, అది నువ్వేనా అని అడిగాను. అతను కాదు. అతనికి అసలు ఈ చర్చ సంగతే తెలియదు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా నేనే తడబడ్డాను.

తర్వాత నీకు ఏ రోజు సెలవు కావాలి అని అడిగాను. నాలుగేళ్ళలో అడగడం ఇదే మొదలు. తీసేస్తున్నానేమో అనుకుని భయపడ్డాడు. కాదని నమ్మించడానికి పావుగంట పట్టింది. అప్పుడు చెప్పాడు, ఆదివారాలు వద్దండీ, భీష్మ ఏకాదశికి పిల్లవాడికి అంతర్వేది రథం చూపించాలి, ముందురోజు రాత్రి స్వామి కల్యాణం కూడా చూస్తే వాళ్ళమ్మ సంతోషిస్తుంది అని. నర్సాపురం రేవులో పంటు ఎక్కి అవతల దిగితే అంతర్వేది ఎంత దూరం? ఇంత దగ్గర కూర్చుని రెండేళ్ళుగా అనుకుంటున్నాడట. అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ రెండు రోజులు గట్టు మీద నేను ఉంటాను. ఇక వారం వారం సంగతి. ఆదివారం పొద్దున ఆరింటి మేత ఏమీ పెంచకుండా, పదింటిది మానేస్తున్నాను, సుబ్బడు గారు చెప్పినట్టు. ట్రేలు చూసే పని లేదు కాబట్టి అతను ఏరియేటర్ల మీద కన్ను వేసి గుడిసెలో పిల్లవాడితో ఉంటాడు. బదులుగా సోమవారం రాత్రి అతను నిద్రపోతాడు, నేను కాస్తాను. సోమవారం రాత్రి నాకు ఆరాధన లేదు.

పాపను కూడా అడిగాను, పాస్టరుగారమ్మాయి గారు చెప్పినట్టు. చర్చికి రావాలా అంటే "వస్తే మధ్యలో లేచి వెళ్ళిపోకు" అంది.

కువైట్_నుంచి_వచ్చేశాను
పిల్లలు గుర్తు పెట్టుకునేది అదే, తమ్ముడూ.

గుళ్ళోగంట
అంతర్వేది రథానికి మనిషిని పంపుతున్నారు, మీ సంఘ పెద్దలు ఏమన్నారు?

మొగల్తూరు_చెరువుగట్టు
వాళ్ళను అడగలేదు.

పూతరేకు
మళ్ళీ జోకు వేయవచ్చా? విశ్రాంతి దినాన ఎద్దు గుంటలో పడితే పైకి తీయరా అని ఏసు ప్రభువు అడిగారు కదా. రొయ్యలు పుట్టినప్పటి నుంచీ గుంటలోనే ఉన్నాయి. వాటిని ఆదివారం తీయాలా వద్దా అని పెద్దలను అడిగి చెప్పండి.

పాస్టరుగారమ్మాయి
పట్టుబడి ఆదివారం పడితే ఈ చర్చ మళ్ళీ మొదటికి వస్తుంది.

మొగల్తూరు_చెరువుగట్టు
ఈరోజు వెళ్ళాను. ఫోను మా ఆవిడ సంచిలో పెట్టాను. రొట్టె విరిచే సమయానికి ముందే అది మోగింది. ఆవిడ తీసి నా చేతికి ఇచ్చింది, మొహం వైపు చూడలేదు. బయటకు వెళ్ళి మాట్లాడాను. కరెంటు పోయింది, జనరేటరు వేశాను, మీరు రావద్దు అని చెప్పడానికి చేశాడు. అప్పటికే బండి దగ్గరకు వచ్చేశాను, తాళం చెవి చేతిలో ఉంది.

వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. పాప వెనుదిరిగి ఒకసారి చూసింది.

తణుకు_కష్టేఫలి
జనరేటరులో డీజిల్ ఎంత ఉందో చూసుకుని వెళ్ళారా?

మొగల్తూరు_చెరువుగట్టు
శనివారం రాత్రే నిండా పోశాను సార్.

తణుకు_కష్టేఫలి
అయితే సరే.

సోమారామం_సుబ్బడు
కౌంట్ ఎంత ఉంది ఇప్పుడు?

మొగల్తూరు_చెరువుగట్టు
కిలోకి డెబ్బై. ఇంకో పాతిక రోజులు చూస్తాను. భీష్మ ఏకాదశి దాటాకే పట్టుబడి.